ముందు పెట్టెకి వైద్యం, ఆ తర్వాతే బల్లికి

(విశాఖపట్నంలో ఒక ఆదివారం ఉదయం, లెపర్డ్ గెకోలు అనే బల్లులు పెంచుకుంటున్నవాళ్ల కోసం ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినిపిస్తోందా? వినిపిస్తోంది, మంచిది. మొదలుపెట్టే ముందు ఒక చిన్న మనవి. డబ్బాల్లో పిల్లల్ని తెచ్చుకున్నవాళ్లు, పిల్లలంటే గెకోలే లెండి, ఆ డబ్బాలు ఏసీ కింద పెట్టకండి. ఇటు ఈ గోడవారగా పెట్టుకోండి. మూతలు మాత్రం ఎవరూ తీయొద్దు. అమ్మా, ఆ నీలం డబ్బా మీదేనా? గాలి కన్నాలు ఉన్నాయి కదా? ఉన్నాయి. సరే.

బల్లి మీద పడితే తలస్నానం చేసి దేవుడి దగ్గర దీపం పెట్టే ఇళ్లు మనవి. ఆ ఇళ్లలోనే ఇప్పుడు బల్లికి ఒక పెట్టె, దానికో హీటరు, పైన కాల్షియం పొడి! మా అమ్మ అయితే అనేసింది, "ఇంత చదువు చదివించింది నువ్వు బల్లులకి మందేస్తావనా?" అని. ఏం చెప్పను?

విషయానికి వస్తాను. జబ్బు చేసిన గెకోని నా దగ్గరికి తెస్తే నేను గెకోని ముందు చూడను. "పెట్టె ఫొటో చూపించండి" అంటాను. కొందరికి కోపం వస్తుంది. సార్, ఇది కన్ను తెరవట్లేదు, మీరేమో పెట్టె అంటారేమిటి అని. కానీ నేను చూసిన కేసుల్లో ఎక్కువ భాగం జబ్బు గెకోలో పుట్టలేదండీ, పెట్టెలో పుట్టింది. పెట్టెని బాగుచెయ్యకుండా గెకోకి నేనేం చేసినా నెల తిరక్కుండా మళ్లీ అదే జబ్బుతో వస్తారు. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. అన్నీ పెట్టె వల్లే వస్తాయా అంటే కాదు, పెట్టె తప్పేమీ లేని జబ్బులూ ఉన్నాయి. వాటి దగ్గరికీ వస్తాను, అవి కష్టమైనవి.

ముందు ఈ జంతువు ఎక్కడిదో తెలుసుకోవాలి కదా. మనం పెంచేది అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, మన దేశపు వాయవ్య భాగం, ఆ రాతి నేలల జీవి. మన గోడ మీద బల్లికి కనురెప్పలు ఉండవు, దీనికి ఉంటాయి, కళ్లు మూసుకుని నిద్రపోతుంది. గోడ బల్లి వేళ్ల కింద అంటుకునే మెత్తలుంటాయి, దీనికి అవి లేవు, గోళ్లున్నాయి. అందుకే అద్దం ఎక్కలేదు. పగలు రాతి సందుల్లో పడుకుని, పొద్దుగూకాక బయటికొచ్చి పురుగుల్ని వేటాడుతుంది. బాగా చూసుకుంటే 15, 20 ఏళ్లు బతుకుతుంది. ఇక్కడ కూర్చున్న ఇంటర్ పిల్లలు ఒక్కసారి ఆలోచించుకోండి, మీ పెళ్లికి ఇది ఉంటుంది.

ఇంకో సంగతి. దీని దగ్గరి చుట్టాలు మన కొండల్లోనే ఉన్నాయి, తెలుసా ఎవరికైనా? తూర్పు కనుమల్లో, మన విశాఖ వైపు నుంచి ఒడిశా దాకా ఉండే ఒక జాతిని శాస్త్రవేత్తలు 2022లో కొత్త జాతిగా గుర్తించి యూబ్లెఫారిస్ పిక్టస్ అని పేరు పెట్టారు. మన వెనక కొండ మీదిదే, మనకి తెలియలేదు. ఊళ్లలో ఇలాంటివి కనిపిస్తే విషపు పురుగని కొట్టి చంపేస్తారు. దీనికి విషం లేదు, అస్సలు లేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, కొండకి ట్రెక్కింగ్‌కి వెళ్లినప్పుడు అది కనిపిస్తే ఫొటో తీసుకుని వచ్చెయ్యండి. డబ్బాలో వేసుకుని రావద్దు. ఇంట్లో ఉన్నదానికి తోడవుతుంది అనే ఆలోచన అసలే వద్దు. దాని బతుకు అక్కడుంది. పైగా అడవిది మోసుకొచ్చే పురుగులు మీ ఇంట్లోదానికి, మీ ఇంట్లోదానివి దానికి.

ఇప్పుడు వేడి. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఏమీ అనుకోకండి.

మన ఒళ్లు వేడిని తనే పుట్టించుకుంటుంది. గెకో బయటినుంచి తెచ్చుకుంటుంది. ఆ వేడి ఉంటేనే తిన్నది అరుగుతుంది. ఆ వేడి ఉంటేనే ఒంట్లో జబ్బుతో పోరాడే శక్తి పనిచేస్తుంది. ఆ వేడి ఉంటేనే నేనిచ్చిన మందు ఒళ్లంతా తిరిగి, పని చేసి, బయటికి పోతుంది. మళ్లీ చెబుతున్నాను, వేడి లేని గెకోకి యాంటీబయాటిక్ వేయించి ప్రయోజనం లేదు. మందు కంటే వేడి ముందు.

ఎంత వేడి? పెట్టెలో ఒక వైపు, అది దాక్కునే గూడు లోపల నేల మీద 32 నుంచి 34 డిగ్రీలు. రెండో వైపు 25, 26. ఆ రెంటి మధ్య ఎప్పుడు ఎటు పోవాలో అదే చూసుకుంటుంది. పెట్టె అంతా 33 చేశారనుకోండి, పారిపోవడానికి చోటు లేక ఉడికిపోతుంది. అంతా 25 ఉంచారనుకోండి, చచ్చిపోదు, కానీ తిన్నది అరగదు, నెమ్మదిగా నీరసపడిపోతుంది.

ఎంవీపీ కాలనీ నుంచి ఒక కుటుంబం వచ్చింది. పదో తరగతి కుర్రాడిది గెకో. తినట్లేదు, తిన్న కీచురాయిని మర్నాడు సగం అరిగినట్టు కక్కేస్తోంది. నులిపురుగులేమో అని మందు కూడా తెచ్చేసుకున్నారు, మెడికల్ షాపులో అడిగి. పెట్టె ఎక్కడుంది బాబూ అన్నాను. నా గదిలో టేబుల్ మీదండీ. రాత్రి ఏసీ ఎంతలో పెడతావు? 22. హీట్ మ్యాట్, అదే, కరెంటుతో వేడెక్కే చాప, ఉందా? దానికి వాళ్ల నాన్నగారు అందుకున్నారు: "వైజాగ్‌లో హీట్ మ్యాటేటండీ బాబూ, మేమే ఉక్కపోసి చచ్చిపోతా ఉంటే!"

న్యాయమే కదా ఆయన మాట? మనకి ఉక్కపోస్తుంది. కానీ ఉక్క వేరు, వేడి వేరు. మనకి చెమట పట్టించేది సముద్రపు తేమ. గెకోకి కావలసింది పొట్ట కింద వెచ్చటి నేల. మే నెలలో కూడా ఏసీ గదిలో పెట్టెలోని నేల చల్లగానే ఉంటుంది. రాత్రి కాస్త చల్లబడటం తప్పు కాదు, దాని సొంత ఊళ్లోనూ రాత్రుళ్లు చల్లగానే ఉంటాయి. పగలంతా కూడా వెచ్చటి చోటు లేకపోతేనే తంటా. పెట్టె హాల్లోకి మార్పించి, మ్యాట్ పెట్టించి, మలపరీక్ష చేయించాం. పురుగులు లేవు. తినడం మొదలెట్టింది. నేను రాసిన మందు ఏమిటంటే, ఏమీ లేదు.

మ్యాట్ పెట్టడంలో రెండు జాగ్రత్తలు. థర్మోస్టాట్, అంటే వేడి హద్దు దాటకుండా ఆపే పరికరం, లేని మ్యాట్ వాడకండి. మ్యాట్ మీద నేరుగా పడుకుని పొట్ట కాల్చుకున్న గెకోలున్నాయి. వేడెక్కే రాయి అని అమ్ముతారే, దాన్ని ఇంట్లోకి రానివ్వద్దు. రెండోది, కొలవండి. చెయ్యి పెట్టి చూసి "వెచ్చగానే ఉంది సార్" అంటారు, చెయ్యి థర్మామీటర్ కాదు. కోవిడ్ అప్పుడు కొన్న నుదుటి గన్ను తీసి చూస్తారు కొందరు, అది మనిషి ఒంటి వేడి కోసం చేసింది, దాని లెక్క ఇక్కడ నమ్మకండి. వైరు చివర ప్రోబ్ ఉండే డిజిటల్ థర్మామీటర్లు అక్వేరియం షాపుల్లో దొరుకుతాయి. దాన్ని గూడు లోపల నేల మీద పెట్టండి, అద్దానికి అంటించకండి.

ఇంక ఇసుక. ఎవరి పెట్టెలో ఇసుక ఉంది? చేతులెత్తండి, ఏమీ అనను. ఆ, చాలామందే ఉన్నారు. ఆర్కే బీచ్ నుంచి తెచ్చుకున్నవాళ్లు? చూశారా, నవ్వుతున్నారు. ఉచితంగా దొరుకుతుంది కదా, ఫొటోలో ఎడారిలా బాగుంటుంది. కానీ దీని సొంత నేల వదులు ఇసుక కాదండీ, గట్టిపడిన మట్టి, రాళ్లు. బీచ్ ఇసుకలో ఉప్పు కూడా. కీచురాయిని పట్టేటప్పుడు ఇసుక నోట్లోకి పోతుంది. కాల్షియం తక్కువైన గెకో అయితే కావాలనే నాకుతుంది. ఒళ్లు వెచ్చగా ఉండి, నీళ్లు బాగా తాగుతుంటే కొంచెం పోయినా బయటికి వచ్చేస్తుంది. ఒళ్లు చల్లగా ఉండి, నీళ్లు తక్కువైతే పేగులో గడ్డకడుతుంది. మలం రాదు, పొట్ట ఉబ్బుతుంది, వెనక కాళ్లు ఈడుస్తుంది. ఎక్స్‌రేలో ఇసుక తెల్లగా కనబడిపోతుంది.

కాల్షియం ఇసుక అని, తింటే అరిగిపోతుందని అమ్ముతారు. అది ఇంకా నష్టం, రుచికి నాకి నాకి ఎక్కువ తింటుంది. జబ్బుగా ఉన్న గెకోకి నేల అంటే టిష్యూ పేపరే. అందం ఉండదు, నిజమే. కానీ మలం ఎలా ఉంది, రక్తం ఉందా, తెల్లగా రావలసిన యూరేటు, అంటే గట్టిపడిన మూత్రం, పసుపుగా వస్తోందా, అన్నీ కనబడతాయి. నా దృష్టిలో టిష్యూ పేపరంటే సగం ల్యాబు రిపోర్టు.

మలం ఆగితే ఇంట్లో చెయ్యగలిగింది ఒకటే. గోరువెచ్చటి నీళ్లు, 30 డిగ్రీల దగ్గర, మోచేతికి వేడీ కాదు చల్లనా కాదు అనిపించేటట్టు, దాని భుజం దాటకుండా లోతు లేని డబ్బాలో పోసి పది, పదిహేను నిమిషాలు నిలబెట్టండి. పక్కనే ఉండండి, వదిలి ఫోను చూసుకోవద్దు. రెండు రోజులు ఇలా చేసినా రాకపోతే, లేదా పొట్ట గట్టిగా ఉంటే, డాక్టరు దగ్గరికి. ఆముదం పట్టిస్తాం అంటారు పెద్దవాళ్లు. వద్దు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే కొత్త జబ్బు.

కాల్షియం. ఇక్కడ మన ఊరి తమాషాలు చాలా ఉన్నాయి.

కీచురాళ్లలో ఫాస్ఫరస్ బోలెడు, కాల్షియం చాలా తక్కువ. మేతకి అమ్మే మీల్‌వార్మ్ పురుగులదీ అదే కథ. పొడి చల్లకుండా అవే పెడితే రక్తంలో కాల్షియం తగ్గుతుంది. తగ్గితే ఒళ్లు ఊరుకోదు, ఎముకల్లోంచి తీసుకుంటుంది. తీసుకుని తీసుకుని ఎముక మెత్తబడుతుంది. మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటాం. కింది దవడ రబ్బరులా వంగుతుంది, కాళ్లు విల్లులా అవుతాయి, పొట్ట నేలకి ఆనించి పాకుతుంది. అంతకంటే ముందే ఒక గుర్తు ఉంటుంది, చాలామంది చూడరు. నడిచేటప్పుడు వేళ్లు సన్నగా వణుకుతాయి. చేతిలోకి తీసుకున్నప్పుడు మీ అరచేతికి ఆ వణుకు తెలుస్తుంది. "చలేస్తోందేమో సార్" అంటారు. గెకోలకి చలి వణుకు ఉండదమ్మా. ఆ వణుకు కనబడిన రోజే రండి. ఆ దశలో పట్టుకుంటే తిరిగొస్తుంది. వంగిన ఎముక మాత్రం మళ్లీ సాపు కాదు.

ఏం చెయ్యాలి? ఫాస్ఫరస్ లేని కాల్షియం కార్బొనేట్ పొడి, తిండికి ముందు పురుగుల మీద పలచగా చల్లండి. చిన్న గిన్నె నిండా పెట్టెలో ఒక మూల కూడా ఉంచవచ్చు. విటమిన్ డి3 ఉన్న పొడి వేరు, అది తక్కువగా, డాక్టరు చెప్పిన లెక్కకి. డి3 ఎక్కువైనా ముప్పే. అందుకే మనుషుల కాల్షియం మాత్రలు నూరి పెట్టకండి, చాలావాటిలో డి3 కలిసి ఉంటుంది. మీ మాత్ర 60 కిలోల మనిషి కోసం, మీ గెకో 60 గ్రాములు.

ఒకావిడ పెందుర్తి నుంచి వచ్చారు, కాల్షియమే కదా అని తాంబూలంలో వేసే సున్నం పెట్టారు. అయ్యో, అది కార్బొనేట్ కాదు తల్లీ, తడి సున్నం. మనం ఆకు, వక్కతో కలిపి ఇంతే వేసుకున్నా నోరు పొక్కుతుంది. ఆ చిన్న నాలుక ఏమైపోతుంది? దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి.

సూర్యరశ్మి మంచిదని పెట్టెని కిటికీ పక్కన పెట్టేవాళ్లున్నారు. అద్దంలోంచి వచ్చే ఎండలో డి3 తయారుచేసే కిరణాలు రావు, అద్దమే ఆపేస్తుంది. వచ్చేది వేడి మాత్రమే. ఏప్రిల్ ఎండలో అద్దం పెట్టె నిమిషాల్లో కొలిమి అవుతుంది. కావాలంటే ఆ కిరణాలిచ్చే తక్కువ శక్తి యూవీబీ దీపాలున్నాయి, ఇది పొద్దుగూకాక తిరిగే జీవి కాబట్టి బలమైనవి వద్దు. ఆల్బినో రంగువి ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త, వాటి కళ్లు వెలుగుకి తట్టుకోవు.

కుబుసం. గెకో కుబుసం విడిచాక తనే తినేస్తుంది, కాబట్టి విడిచిన సంగతే మీకు తెలియకపోవచ్చు. మీరు చూడవలసింది వేళ్లు. ఇది కాస్త దగ్గరగా చెబుతాను. వేలి మొదట్లో తెల్లటి పలచని రింగు ఒకటి మిగిలిపోతుంది. మొదటిసారి దారంలా ఉంటుంది. వచ్చే కుబుసానికి దాని మీద ఇంకో పొర. ఎండేకొద్దీ బిగుసుకుంటుంది. రక్తం ఆగి వేలి కొస ముందు ఉబ్బుతుంది, తర్వాత నల్లబడుతుంది, తర్వాత రాలిపోతుంది. ఇంట్లోవాళ్లు చూసేసరికి వేలు ఉండదు.

వైజాగ్‌లో ఇంత తేమ ఉంటే కుబుసం ఎందుకు అంటుకుంటుంది అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. ఏసీ గాలి పొడి గాలి. హీట్ మ్యాట్ మీది గూడు కూడా పొడిగానే ఉంటుంది. అందుకని వెచ్చటి వైపుకీ చల్లటి వైపుకీ మధ్యలో ఒక తడి గూడు ఉండాలి. ఐస్‌క్రీమ్ డబ్బాకి పక్కన కన్నం పెట్టి, లోపల తడిపి పిండిన కొబ్బరి పొట్టు వేస్తే చాలు. పిండితే నీళ్లు కారకూడదు. మన ఊళ్లో బూజు తొందరగా పడుతుంది, తరచూ మార్చండి. పెట్టె అంతా తడిపేయకండి, అప్పుడు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి.

అంటుకున్న కుబుసం తీయడానికి ముందు గోరువెచ్చటి నీళ్లలో పావుగంట నానబెట్టండి. తర్వాత తడి కాటన్ బడ్‌తో వేలి మొదలు నుంచి కొస వైపుకి మెల్లగా దొర్లించండి. రాలేదా? వదిలెయ్యండి. రేపు మళ్లీ. గోళ్లతో, పటకారుతో లాగితే వేలి తోలుతో సహా వస్తుంది. కంటి మీద మిగిలితే మీరు ముట్టుకోనే వద్దు. కనురెప్ప లోపల కుబుసం ముక్క ఉండిపోయి, చీములా గట్టిపడి కన్ను మూసుకుపోయిన కేసులు వస్తాయి. పదేపదే కళ్ల జబ్బు వస్తుంటే విటమిన్ ఏ లోపం కూడా కావచ్చు. విటమిన్ ఏ మీ అంతట మీరు పెట్టకండి, అది ఎక్కువైతే విషం.

"సార్, తినట్లేదు." అన్నిటికంటే ఎక్కువగా వినేది ఈ మాటే. నా మొదటి ప్రశ్న, బరువెంత? సమాధానం ఉండదు. ఇక్కడున్నవాళ్లందరూ ఇవాళ ఇంటికెళ్తూ ఒక కిచెన్ త్రాసు కొనుక్కోండి, గ్రాము గ్రాము చూపించేది. ఖాళీ డబ్బా పెట్టి సున్నా చేసి, గెకోని డబ్బాలో వేసి చూడండి. వారానికోసారి, కాగితం మీద. 60 గ్రాములది 54కి వచ్చిందంటే పదో వంతు పోయినట్టు, అక్కడ ఆగకండి, తీసుకురండి. బరువు అలాగే ఉండి, తోక లావుగా ఉండి, తినకపోతే కంగారు పడకండి. దాని కొవ్వంతా తోకలోనే దాచుకుంటుంది, పెద్ద గెకో వారాల తరబడి తినకుండా ఉండగలదు. జత కట్టే కాలంలో మగవి తిండి మానేస్తాయి. ఆడవి మగతోడు లేకపోయినా గుడ్లు పెడతాయి, పిల్లలు రాని గుడ్లు. దానికి తవ్వుకోవడానికి తడి మట్టి డబ్బా లేకపోతే గుడ్లు లోపలే ఆగిపోతాయి. పొట్ట ఉబ్బి, తవ్వుతూ, తినకుండా, నీరసంగా ఉంటే అది అత్యవసరం, మర్నాటికి వాయిదా వెయ్యకండి.

బలవంతంగా తినిపించడం గురించి చాలామంది అడుగుతారు. చల్లగా, నీళ్లు లేక ఎండిపోయిన గెకోకి తిండి కుక్కితే అది పొట్టలో కుళ్లుతుంది. ముందు వేడి, తర్వాత నీళ్లు, ఆ తర్వాత తిండి. ఈ వరుస మార్చకండి. నీళ్లయినా మూతి మీద ఒక్కో చుక్క వేస్తే అదే నాకుతుంది, నోరు తెరిపించి పొయ్యొద్దు. లేత దవడ, విరుగుతుంది.

ఇంట్లో తిరిగే బొద్దింకల్ని పట్టి వేసేవాళ్లున్నారు. ఏ చాక్‌పీసు మందు మీద నుంచి నడిచొచ్చిందో ఎవరికి తెలుసు? మిణుగురులైతే ఒక్కటి చాలు, ప్రాణం తీస్తుంది. తినగా మిగిలిన కీచురాళ్లని రాత్రి పెట్టెలో వదిలెయ్యకండి, నీరసంగా ఉన్న గెకోని అవే కొరుకుతాయి. తోక తెగితే హడావుడి వద్దు, రక్తం పెద్దగా రాదు. టిష్యూ మీద ఉంచి, బెటాడిన్‌ని నీళ్లలో బాగా పలచన చేసి అద్దండి. పసుపు పుయ్యకండి. కొత్త తోక వస్తుంది, ఉల్లిగడ్డలా, పాతదానంత అందంగా ఉండదు.

ఇందాక అన్నాను కదా, పెట్టె తప్పేమీ లేని జబ్బులని. వాటి గురించి.

అన్నీ సరిగ్గా ఉన్నాయి. వేడి సరిగ్గా ఉంది, కాల్షియం ఉంది, తింటోంది కూడా. అయినా తోక సన్నబడుతోంది, పుల్లలా. క్రిప్టోస్పోరిడియం అని ఒక సూక్ష్మజీవి, పేగు గోడని పట్టుకుంటుంది. తిన్నది ఒంటికి పట్టదు. మలంలో ఒకసారి కనబడుతుంది, ఒకసారి కనబడదు, కాబట్టి ఒక్క పరీక్షలో లేదని వస్తే లేదని కాదు. పీసీఆర్ పరీక్షకి శాంపిల్ బయటి ల్యాబుకి పంపాలి. నమ్మకంగా నయం చేసే మందు ఇవాళ్టికి లేదు. కొన్ని మందులు తగ్గిస్తాయి, పూర్తిగా పోగొట్టవు. బ్లీచింగ్ దానికి లెక్క కాదు, చేతులకి రాసుకునే శానిటైజర్ కూడా అంతే. మరిగే నీళ్లు, ఆవిరి, వాటికి చస్తుంది. ఒక గెకోకి వచ్చిందంటే అదే పటకారు, అదే నీళ్ల గిన్నె ఇంకోదానికి వాడితే రెండోదానికీ వస్తుంది. అందుకే కొత్తగా కొన్నదాన్ని కనీసం రెండు మూడు నెలలు వేరే గదిలో, వేరే సామానుతో ఉంచమని ప్రాధేయపడుతుంటాను. "ఒక్కటే ఉంటే దిగులు పడుతుంది సార్" అంటారు. పడదు. గెకోకి తోడు అక్కర్లేదు, నిజానికి పక్కనున్నదాన్ని కొరుకుతుంది.

రెండోది పుట్టుకతో వచ్చేది. రంగుల మోజు ఉంది కదా మనకి. ఎనిగ్మా అనే రకంలో నరాల జబ్బు ఉంటుంది, తల ఒక పక్కకి వాల్చి గుండ్రంగా తిరుగుతుంది, పురుగు మీదికి దూకితే గురి తప్పుతుంది. లెమన్ ఫ్రాస్ట్ అనే రకం ఉంది, నిమ్మపండు మీద మంచు పడ్డట్టు చూడముచ్చటగా ఉంటుంది. ఆ తెల్లదనం ఇచ్చే కణాల్లోనే గడ్డలు వస్తాయి, వాటిలో ఎక్కువ శాతానికి వస్తాయి. కారణమైన జన్యువు జాడ చెబుతూ 2021లో పరిశోధన వచ్చింది. అమ్మేవాళ్లు రంగు చెబుతారు, ఇది చెప్పరు. కొనేముందు మీరే అడగాలి. నా అభిప్రాయం అడిగితే ఈ రెండు రకాలూ కొనకండి, కొనేవాళ్లు ఉన్నంతకాలం పుట్టిస్తూనే ఉంటారు. ఇప్పటికే ఉన్నవాళ్లు పెంచండి, కానీ పిల్లలు పెట్టించకండి.

ఇంకో కష్టమైన మాట. కొన్నిసార్లు బాధ తీర్చడం తప్ప దారి ఉండదు. అప్పుడు ఫ్రీజర్‌లో పెట్టెయ్యమని సలహా ఇస్తారు, చల్లగా నిద్రలోకి జారుకుంటుందని. అది అబద్ధం, దానికి బాధ తెలుస్తుంది. డాక్టరు దగ్గర మత్తు ఇచ్చి ఇంజెక్షన్ చేస్తారు. ఇంత చిన్న జంతువుకి ఎందుకు అని సిగ్గుపడకండి, తీసుకురండి.

డాక్టర్ల సంగతి. మా చదువులో ఆవులు, గేదెలు, కుక్కలు, కోళ్లు ఉంటాయి, గెకో ఒక పేజీ ఉంటే గొప్ప. కాబట్టి మీ దగ్గరి డాక్టరుకి గెకోలు అలవాటు లేకపోతే తప్పుపట్టకండి, సాయం చెయ్యండి. బరువు రాసిన కాగితం, పెట్టె ఫొటో, రెండు వైపుల వేడి ఎంతో, ఏం తింటోంది, ఆఖరి మలం ఎప్పుడు. వీలైతే ఆ రోజు మలం, తడి దూదితో చిన్న డబ్బాలో. ఇవి పట్టుకెళ్తే ఆయన తెలిసినవాళ్లకి ఒక్క ఫోను కొట్టి కనుక్కోగలడు. గరివిడి పశువైద్య కాలేజీలో మాకందరికీ ఎవరో ఒకరు తెలుసు. మందు డోసు గ్రాముల్లో లెక్క, ఒక్క సున్నా తేడా వస్తే ప్రాణం పోతుంది, కాబట్టి "ఎన్ని మిల్లీలీటర్లు సార్" అని రెండోసారి అడగడానికి మొహమాటపడకండి. వేసవిలో గాజువాక నుంచి బండి మీద తెచ్చేవాళ్లు పొద్దున్నే రండి, థర్మోకోల్ పెట్టెలో.

కరెంటు పోతే? హుద్‌హుద్ తుఫాను మర్చిపోలేదు కదా ఎవరూ, 2014 అక్టోబరులో రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. మన ఊరి మామూలు వేడిలో ఆరోగ్యంగా ఉన్న గెకో రెండు మూడు రోజులు మ్యాట్ లేకుండా ఉంటుంది. ఆ రోజుల్లో తిండి పెట్టకండి, అరగదు, నీళ్లు చాలు. జబ్బుగా ఉన్నదానికైతే వేడినీళ్ల సీసా తువ్వాల్లో చుట్టి పెట్టెకి ఒక పక్క ఆనించండి. మే నెల అయితే దీనికి తిరగేసి, పెట్టె మీద తడి గుడ్డ, పక్కన చల్లటి సీసా.

చేతులు సబ్బుతో కడుక్కోండి, ముట్టుకున్న ప్రతిసారీ. సాల్మొనెల్లా ఉంటుంది వీటి మలంలో. పెట్టె సామాను వంటింటి సింకులో తోమకండి. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లలో మరీ.

సరే, ఇంతకంటే మాట్లాడితే డబ్బాల్లో ఉన్నవి నన్ను తిట్టుకుంటాయి. తెచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఈ బల్ల దగ్గరికి రండి. బాబూ, ఆ తలుపు వేసి, ఫ్యాన్లు ఆపేయమ్మా. త్రాసు ఇక్కడుంది, ముందు తూకం వేద్దాం. నీలం డబ్బా అమ్మగారు, మీరే ముందు. పెట్టె ఫొటో ఫోన్లో ఉందా?